టైలు కింద నీటి దారి

పాత ఫ్లాటు కొనేవాళ్లు బాత్రూము సంగతి తెలుసుకోవాలంటే ముందు తట్టాల్సింది కింది అంతస్తు వాళ్ల తలుపు. మనం చూసే ఫ్లాటులో అమ్మేవాళ్లు గోడలకు రంగులేయించి, నేలను యాసిడ్ పోసి తళతళా కడిగించి ఉంటారు. కింది వాళ్ల బాత్రూము కప్పుకి ఆ ముస్తాబు ఉండదు. చెమ్మ పట్టిన పసుపు చారలు, పొక్కి రాలే సున్నం, పెచ్చులూడి బయటపడ్డ తుప్పు చువ్వలు, ఒక్కోచోట సన్నగా వేలాడే తెల్లటి కొనలు అన్నీ అక్కడ ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి.

ఆ తెల్లటి కొనల వెనక మంచి రసాయన శాస్త్రం ఉంది. సిమెంటు గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడి సున్నం, కూడా తయారవుతుంది. కాంక్రీటులోంచి దిగే నీరు దాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుని వస్తుంది. కింద గాలి తగలగానే ఆ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి కాల్షియం కార్బొనేట్‌గా గడ్డకడుతుంది. బొర్రా గుహల్లో పైనుంచి వేలాడే రాళ్లదీ ఇదే పదార్థం. గుహలో వేల ఏళ్లు పట్టే పని బాత్రూము కింద కొన్నేళ్లలోనే అయిపోతుంది. ఎందుకంటే సున్నపురాయి కంటే సిమెంటులోని సున్నం నీళ్లలో చాలా తేలిగ్గా కరుగుతుంది. అలాంటి కొన కనిపించిందంటే ఆ స్లాబులోంచి నీళ్లు చాలాకాలంగా దిగుతున్నాయని అర్థం.

ఎనభైల చివర్లో, తొంభైల్లో హైదరాబాదులో హిమాయత్‌నగర్, అమీర్‌పేట, మారేడ్‌పల్లి లాంటి చోట్ల, విజయవాడ లబ్బీపేటలో, విశాఖ ఎంవీపీ కాలనీలో కట్టిన మూడు నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్లు ఇప్పుడు చేతులు మారుతున్నాయి. ఊరి మధ్యలో ఉంటాయి, గదులు విశాలం. బాత్రూములు మాత్రం ఇరుకు. నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉంటే ఎక్కువ. అందులోనే స్నానం, కమోడ్, బకెట్, పైన గీజరు. చేరబోయే ముందు కొత్త టైల్సు వేయించి, కుళాయిలు మార్పిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఖర్చులో పెద్ద భాగం టైల్సు షాపులోనే అయిపోతుంది కూడా. నిజానికి బాత్రూము బాగుండటానికి, పాడవడానికి కారణాలన్నీ టైలుకి కిందే ఉంటాయి.

అడుగున మోస్తున్న బరువు

ఆ కాలపు అపార్ట్‌మెంట్లలో బాత్రూము స్లాబును మిగతా గదుల కంటే అడుగో, అడుగుకి కాస్త తక్కువో కిందికి దించి పోసేవారు. దాన్నే మేస్త్రీలు సంకెన్ అంటారు. కమోడ్ పైపు, నేల పైపు అందులో పరిచి, చుట్టూ ఇటుక ముక్కలు నింపి, పైన సిమెంటు పోసి, ఆపైన టైల్సు. పైపులు కింది వాళ్ల ఇంట్లో వేలాడకుండా మన నేలలోనే ఉంటాయి కాబట్టి చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. చిక్కంతా ఆ నింపుడులో ఉంది.

ఓ చిన్న లెక్క. 4 అడుగులు, 7 అడుగుల బాత్రూము నేల 2.6 చదరపు మీటర్లు. 30 సెంటీమీటర్ల లోతుకి ఇటుక ముక్కలు నింపితే సుమారు 0.8 ఘనపు మీటరు. అది ఎంత లేదన్నా 1,200 కిలోలు తూగుతుంది. ఇళ్లలో వాడే మామూలు ఇటుక తన బరువులో అయిదో వంతు దాకా నీళ్లు పీల్చుకోగలదు. అంటే టైలు సందుల్లోంచి, నీళ్లు పోయే నేల ట్రాప్ చుట్టూ ఉన్న పగుళ్లలోంచి ఏళ్ల తరబడి దిగిన నీళ్లు ఆ నేల అడుగున 200 లీటర్ల దాకా నిలవ ఉండొచ్చు. పైన నేల పొడిగానే కనిపిస్తుంది. మనుషుల కోసం, సామాన్ల కోసం బాత్రూము స్లాబు మీద ఇంజనీర్లు వేసుకునే లెక్క చదరపు మీటరుకి 200 కిలోలు. ఇక్కడ ఒక్క నింపుడే అంతకు రెండు రెట్లు దాటుతోంది. డిజైన్ చేసినవాళ్లు దాన్ని విడిగా లెక్కలోకి తీసుకునే ఉంటారు. కానీ దాని మీద ఇంకో పొర సిమెంటు, ఇంకో పొర టైల్సు, మూలన ఓ సిమెంటు తొట్టి అంటూ పెంచుకుంటూ పోవడం మంచిది కాదు. వీలుంటే తడిసిన పాత ఇటుక ముక్కలన్నీ తీసేసి, బరువు తక్కువ ఉండే బ్లాకుల ముక్కలు నింపించుకోవడం మేలు. సిమెంటు బస్తాల్లో మెట్లు దిగే ఆ మట్టిని చూస్తే ఇన్నేళ్లూ ఎంత బరువు మోశామో తెలుస్తుంది.

నీళ్లు అక్కడ ఊరికే నిలవ ఉండవు, కదులుతాయి. కాంక్రీటు, ఇటుక, సిమెంటు పూత అన్నిటా కంటికి కనబడని సన్నటి రంధ్రాలుంటాయి. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టు అవి నీటిని అన్ని వైపులకీ లాగుతాయి. రంధ్రం ఎంత సన్నదైతే లాగుడు అంత ఎక్కువ. 1 మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న గాజు గొట్టంలో నీరు సెంటీమీటరున్నర పైకెక్కితే, మిల్లీమీటరులో నూరో వంతు ఉన్న గొట్టంలో సిద్ధాంతం ప్రకారం మీటరున్నర ఎక్కుతుంది. బాత్రూము గోడకి అవతల పడకగదిలో, నేల నుంచి మోకాలి ఎత్తు దాకా రంగు పొక్కి తెల్లటి ఉప్పు పూత పూస్తోందంటే కారణం ఇదే. ఆ గోడకి ఎన్నిసార్లు పుట్టీ పెట్టించినా, ఎంత ఖరీదైన రంగు వేయించినా నిలవదు. నీళ్లు అవతలి వైపు ఆగితేనే ఇవతలి గోడ ఆరుతుంది.

ఎప్పుడు కారుతోంది?

ఎక్కడ కారుతోందన్న దాని కంటే ఎప్పుడు కారుతోందన్నది పనికొచ్చే ప్రశ్న. కింది వాళ్లనే అడగాలి. పగలూ రాత్రీ ఒకేలా బొట్లు పడుతుంటే అది కుళాయిలకి నీళ్లు తెచ్చే పైపు. అందులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి తెరిపి ఉండదు. పొద్దున స్నానాలయ్యాక మొదలై మధ్యాహ్నానికి తగ్గితే నేల టైల్సు, ట్రాప్ అంచు. ఫ్లష్ చేసినప్పుడే అయితే కమోడ్ అతుకు. ఫ్లాటు తాళం వేసి వారమైనా ఇంకా చెమ్మ దిగుతుంటే సంకెన్‌లో నీళ్లు నిలవున్నాయన్నమాట. అవి ఖాళీ అవడానికి చాలా రోజులు పడుతుంది. ఇంత చెప్పినా, మరక కనబడ్డ చోటే పగలగొట్టించడం మాత్రం తొందరపాటే. నీరు స్లాబు మీద వాలున్న వైపుకి పాకి, ఎక్కడ పగులు దొరికితే అక్కడ దిగుతుంది. పైన కారే చోటు, కింద కనబడే చోటు ఒకటే అవ్వాలని లేదు. నేల మీద రంగు కలిపిన నీళ్లు నిలబెట్టి కింద రంగు కనబడుతుందేమో చూడటం పాత పద్ధతే అయినా నమ్మకమైనది. కుళాయి పైపుల్ని పరీక్షించాలంటే చివర్లన్నీ మూసి, చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించి, మీటరు ముల్లు గంటా రెండు గంటలు కదలకుండా ఉందో లేదో చూస్తారు. ఇది టైల్సు పెట్టకముందు చేయాల్సిన పని. తర్వాత చేస్తే తప్పు తెలుస్తుంది గానీ దిద్దుకోవడానికి మళ్లీ గోడ పగలగొట్టాలి.

పెచ్చులూడి చువ్వలు కనిపిస్తే మాత్రం విషయం ప్లంబరు చేయి దాటిపోయినట్టే. కాంక్రీటులోని ఇనుము తుప్పు పట్టకుండా కాపాడేది దాని చుట్టూ ఉన్న క్షారగుణం. మంచి కాంక్రీటు లోపల పి.హెచ్. 12.5కి పైనే ఉంటుంది. అంత క్షారంలో ఇనుము ఒంటికి అతి పలచటి ఆక్సైడ్ పొర అంటుకుని కవచంగా నిలుస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి లోపలికి చొరబడి సున్నాన్ని కార్బొనేట్‌గా మారుస్తూ పోతే పి.హెచ్. 9 కిందికి జారుతుంది, ఆ కవచం పోతుంది. ఆపైన తేమ, ఆక్సిజన్ అందితే తుప్పు మొదలు. తుప్పు తను పుట్టిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కింది సిమెంటు పెచ్చులుగా ఊడిపడుతుంది. విశాఖలాంటి సముద్రతీరంలో గాలిలో వచ్చే ఉప్పు ఈ పనిని ఇంకా తొందరగా చేస్తుంది. క్లోరైడు చేరితే క్షారగుణం బాగానే ఉన్నా కవచానికి చిల్లులు పడతాయి. కాంక్రీటు ఎంత లోతుకి దెబ్బతిందో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. అప్పుడే విరిచిన ముక్క మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే మంచి భాగం గులాబీ రంగుకి మారుతుంది, పాడైన భాగం రంగు మారదు. కాలేజీ ల్యాబులో టైట్రేషన్‌కి వాడిన ద్రావణమే ఇది. గులాబీ రంగు చువ్వ దాకా రాకుండా ముందే ఆగిపోయిందంటే స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవాల్సిందే. తుప్పు మీద సిమెంటు మెత్తించి సున్నం వేస్తే రోగం లోపలే పెరుగుతుంది.

టైలు నీళ్లని ఆపదు

టైల్సు వేస్తే నీళ్లు దిగవన్న నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో గానీ చాలా గట్టిది. టైలు దిగనివ్వకపోవచ్చు. రెండు టైల్సు మధ్య సందు దిగనిస్తుంది. సందుల్లో పూసే తెల్ల సిమెంటూ రంధ్రాలున్న పదార్థమే. దానికి తోడు మన ఇళ్లలో వారం వారం పోసే బాత్రూము యాసిడ్ ఉంది. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. టైలు మీది గాజు పూతని పెద్దగా ఏమీ చేయదు గానీ సందులోని సిమెంటుని కరిగించి తినేస్తుంది. పోయగానే బుసబుసా పొంగేది మురికి కాదు, కార్బొనేట్లు కరుగుతుంటే వెలువడే కార్బన్ డయాక్సైడు. ప్రతి వారం కొంచెం సిమెంటు అలా కాలవలోకి పోతుంది. నేల తెల్లబడిందని మనం సంతోషిస్తుంటాం. (ఆ యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో కలిపి వాడితే విషవాయువు క్లోరిన్ పుడుతుంది. ఇరుకు బాత్రూములో తలుపేసుకుని చేసే పని అసలే కాదు.) ఉప్పు నీటి గార పోవాలంటే వెనిగరు, సిట్రిక్ ఆమ్లం లాంటివి కాసేపు పూసి, రుద్ది కడిగేస్తే చాలు. ఇవీ సిమెంటుని తాకుతాయి, కాకపోతే నెమ్మదిగా. సందులకు ఎపాక్సీ గ్రౌట్ నింపించుకుంటే యాసిడ్ బాధ చాలావరకు తప్పుతుంది. ఖరీదు ఎక్కువే. అయినా అంత చిన్న బాత్రూముకి డబ్బు పెట్టదగ్గ చోటు ఏదంటే ఇదేనంటాను.

నీళ్లని నిజంగా ఆపేది టైలు కింద రాసే వాటర్‌ప్రూఫింగ్ పూత. పాలిమర్ కలిసిన సిమెంటు పూతని ఒకసారి నిలువుగా, అది ఆరాక ఇంకోసారి అడ్డంగా రాస్తారు. సంకెన్ ఉన్న బాత్రూములో ఈ పని రెండు చోట్ల జరగాలి. ఒకటి సంకెన్ అడుగు స్లాబు మీద, రెండోది నింపుడు మీద వేసిన సిమెంటు పైన, టైలుకి సరిగ్గా కింద. పై పూత లేకపోతే నింపుడు మళ్లీ తడిసిపోతుంది, కింది పూత ఉన్నా అది నీళ్ల తొట్టి అవుతుంది. గోడా నేలా కలిసే మూలే బలహీనం. కదలికలకు ముందుగా విచ్చుకునేది అదే. అందుకే మూలను సిమెంటుతో గుండ్రంగా మలిచి, గాజు నారతో నేసిన పట్టీ అద్ది, పూతను గోడ మీదికి కనీసం అడుగు ఎత్తు, షవరున్న చోట తలకి పైదాకా ఎక్కించాలి. సంకెన్ అడుగున ఓ సన్నటి పైపు పెట్టి, మురుగు పైపులు దిగే డక్ట్‌లోకి వదిలిపెడితే ఇంకా మంచిది. ఎప్పుడైనా లోపల నీళ్లు చేరితే ఆ పైపు కారి ముందే చెప్పేస్తుంది. పూత ఆరాక కాలవకు గుడ్డలు కుక్కి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, రెండు రోజులు వదిలేయాలి. ఆ రెండు రోజులూ మేస్త్రి పని లేకుండా కూర్చోవాలి కాబట్టి ఈ పరీక్ష ఎగ్గొట్టేద్దామన్న మాట ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకూడదు.

పాత బాత్రూముల్లో నేలకి మొజాయిక్కో బండలో, గోడకి అరడుగు తెల్ల గ్లేజ్డ్ టైల్సో ఉండేవి. గోడ టైల్సు వెనక మట్టి భాగం తన బరువులో పదో వంతుకి పైగా నీళ్లు పీల్చేది. సిమెంటు పాలు ఆ రంధ్రాల్లోకి పాకి పట్టుకునేవి. ఇప్పుడు మోర్బీ నుంచి లారీల్లో వస్తున్న విట్రిఫైడ్ టైలు అర శాతం కూడా నీళ్లు పీల్చదు. మరక పట్టదు, గట్టిది, అందుకే కొంటున్నాం. కానీ అదే గుణం వల్ల మామూలు సిమెంటుకి దాన్ని పట్టుకోవడానికి రంధ్రం దొరకదు. కొన్నాళ్లకు గోడ మీద తడితే డొల్ల శబ్దం, ఇంకొన్నాళ్లకు టైలు ఊడి కమోడ్ మీద పడటం. ఇలాంటి టైల్సుకి పాలిమర్లు కలిపిన టైల్ అడ్హెసివ్ వాడాలి, అదీ పళ్ల కరణితో టైలు మొత్తం సమంగా పరిచి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒకటి పెట్టి అంటించేస్తే మిగిలిన ఖాళీలో నీళ్లు చేరతాయి.

పాత టైల్సు మీదే కొత్తవి అంటించేస్తే పగలగొట్టే గోల, దుమ్ము, ఖర్చు తప్పుతాయని ఇప్పుడు గట్టిగా ప్రచారం ఉంది. పాతవి గట్టిగా ఉండి, కింద చెమ్మ లేకపోతే గోడల మీద చేయొచ్చు. నేల మీద నాకు ఇష్టం లేదు. లోపలి తడి అలాగే ఉండిపోతుంది, గడప బండకీ నేలకీ మధ్య ఉండాల్సిన అంగుళం తేడా పోయి నీళ్లు గదిలోకి వస్తాయి.

వాలు, ట్రాపు, వాసన

మన స్నానం బకెట్టు, చెంబుతో, నేలంతా తడుస్తుంది. కాబట్టి నేలంతా ట్రాపు వైపు వాలి ఉండాలి. 80కి 1 నుంచి 100కి 1 వరకు వాలు చాలు. ఏడడుగుల పొడవుకి అది రమారమి అంగుళం. ఎక్కువ వాలు పెడితే వయసు పైబడినవాళ్ల కాలు జారుతుంది, తక్కువైతే మూలన నీళ్లు నిలిచి పాకుడు పడుతుంది. నాలుగు వైపుల నుంచీ ఒకే ట్రాపుకి వాలు రావాలంటే నేల నాలుగు ముఖాలుగా వంగాలి. అడుగు టైల్సయితే వంగుతుంది. నాలుగడుగుల పలక వంగదు, దాన్ని మూలమూలలకి కోసి అతకాలి. గోడలకి ఎంత పెద్దవైనా పెట్టుకోండి. నేలకి గరుకుగా ఉన్న చిన్న టైలే నయం. సందులు ఎక్కువైనకొద్దీ తడి పాదానికి పట్టు కూడా ఎక్కువ.

చాలాకాలం తాళం వేసి ఉన్న ఫ్లాటు తలుపు తీయగానే బాత్రూములోంచి కాలవ కంపు వస్తే కంగారుపడక్కర్లేదు. ఓ చెంబెడు నీళ్లు నేల ట్రాపులో పోసి గంట ఆగి చూడండి. ట్రాపు వంపులో ఎప్పుడూ నిలిచి ఉండే రెండంగుళాల నీళ్లే మనకీ మురుగు గొట్టానికీ మధ్య తలుపు. వాడకం లేక వేసవిలో అవి ఆవిరైపోతే హైడ్రోజన్ సల్ఫైడు, దానితోపాటు బొద్దింకలూ తిన్నగా పైకొస్తాయి. గొట్టాన్ని వంచి నీళ్లను కాపలా పెట్టే ఈ ఏర్పాటుకి 1775లో పేటెంటు తీసుకున్నది లండన్‌లో గడియారాలు చేసే స్కాట్లండ్ వాడు అలెగ్జాండర్ కమింగ్. రెండున్నర శతాబ్దాలైనా దాన్ని మించింది రాలేదు. నీళ్లు పోసినా కంపు పోకపోతే, పై అంతస్తులో ఫ్లష్ చేసినప్పుడల్లా మన ట్రాపు గుడగుడలాడుతుంటే, గాలి గొట్టం మూసుకుపోయిందని అనుమానించాలి. పైనుంచి నీళ్లు ఒక్క ఉదుటున దిగేటప్పుడు వెనక గాలి పలచబడుతుంది. ఆ గాలి మేడ మీది గొట్టంలోంచి రాకపోతే మన ట్రాపులోని నీళ్లను లాక్కుంటుంది. ఇది ఒక ఫ్లాటు వాళ్లు బాగుచేసుకునేది కాదు, అసోసియేషన్ పట్టించుకోవాల్సింది.

ఇండియన్ టాయిలెట్ తీసేసి కమోడ్ పెట్టించడం పాత ఫ్లాట్లలో దాదాపు అందరూ చేసే మార్పు. అమ్మానాన్నల మోకాళ్లు అడుగుతాయి. దాన్ని ఉన్నచోటే ఉంచడం తెలివి. అటు గోడకి జరిపితే పైపు నేలలో పడుకుని వాలు పట్టుకుంటూ పోవాలి, ఫ్లష్ ట్యాంకులు 10 లీటర్ల నుంచి 3, 6 లీటర్లకు తగ్గిన ఈ రోజుల్లో అంత దూరం మలాన్ని తోసుకెళ్లేంత నీళ్లు ఉండవు. కమోడ్ కొనేముందు గోడ నుంచి పైపు నడిమికి దూరం కొలుస్తారు. కొలవాల్సింది ఇప్పటి గోడ నుంచి కాదు, కొత్త పూత, టైలు వచ్చాక గోడ ఎక్కడుంటుందో అక్కడినుంచి. ఆ అంగుళం తేడాకే ట్యాంకు గోడకి గుద్దుకుంటుంది.

పైపు, తీగ, గాలి

పాత జి.ఐ. పైపుని కోసి చూస్తే లోపల తుప్పు, గార కలిసి అంగుళం రంధ్రం అరంగుళమై ఉంటుంది. రంధ్రం సగమైతే నీళ్లు సగానికి తగ్గుతాయనిపిస్తుంది. అదే ఒత్తిడి మీద నిజంగా వచ్చేది ఆరో వంతు. ప్రవాహం వ్యాసంతో అంత నిటారుగా మారుతుంది. సి.పి.వి.సి. పైపులు తుప్పు పట్టవు, గీజరు వేడినీ ఓర్చుకుంటాయి. అయితే పైపులు మార్చినంత మాత్రాన పై అంతస్తులో పెద్ద రెయిన్ షవరు కురవదు. ట్యాంకు నుంచి 10 మీటర్ల కిందికి దిగితే గానీ నీటికి 1 బార్ ఒత్తిడి రాదు. ట్యాంకు అడుగు షవరుకి 3 మీటర్ల ఎత్తునే ఉంటే 0.3 బార్. షోరూములో పంపు పెట్టి చూపించిన జోరు ఇంటికి రాదు. కింది అంతస్తు వాళ్లకు ఆ దిగులు లేదు. ఇంకో జాగ్రత్త. బాత్రూము అడ్డగోడలు చాలావరకు నాలుగున్నర అంగుళాలవి. పైపు దాచడానికి అడ్డంగా గాడి కొడితే గోడ మందంలో ఆరో వంతుకి మించకూడదు, అంటే అంగుళం కూడా కాదు. గాళ్లు నిలువుగా కొట్టించడం మేలు. బీముల్ని, స్తంభాల్ని తాకనే కూడదు.

ఇనుప పైపులు తీసి ప్లాస్టిక్‌వి వేయడంలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగా లేకపోయినా గీజరు ఒంట్లోకి కరెంటు దిగితే ఎంతో కొంత ఆ ఇనుప పైపు గుండా భూమిలోకి పోయేది. అది సరైన ఏర్పాటు కాదు, కాకతాళీయంగా దొరికిన రక్షణ. ప్లాస్టిక్ వేయగానే అదీ పోయింది. తడి ఒంటి నిరోధం 1,000 ఓంల దాకా పడిపోవచ్చు. 230 వోల్టులకి అది 0.23 ఆంపియర్లు, గుండె ఆగడానికి చాలు. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి అది లెక్కలోకే రాదు, పడదు. పడేది ఆర్.సి.సి.బి. వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనిపిస్తే సెకనులో చిన్న భాగంలో తెగ్గొడుతుంది. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే బాత్రూముకి కొత్త ఎర్తు తీగ లాగించి, ఆర్.సి.సి.బి. బిగించుకోవాలి. టైల్సు రంగు గురించి ఇంట్లో జరిగే చర్చలో పదో వంతు దీని మీద జరిగితే చాలు. గీజరు పెద్దది కొనాల్సిన పని కూడా లేదు. 15 లీటర్ల నీటిని 30 డిగ్రీలు వేడెక్కించడానికి 2 కిలోవాట్ల గీజరుకి పావుగంట, అర యూనిట్ కరెంటు పడుతుంది. బోరు నీళ్ల కాఠిన్యం వేడికి బయటపడి రాడ్డుకి గార కడుతుంది కాబట్టి థర్మోస్టాట్ 60 డిగ్రీలు దాటకుండా పెట్టుకుంటే దాని ఆయుష్షు పెరుగుతుంది.

తడి ఆరడం ఇంకో లెక్క. 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తున్న ఆ గదిలో గాలి 6.3 ఘనపు మీటర్లు. 25 డిగ్రీల దగ్గర ఆ గాలంతా కలిసి పట్టుకోగలిగే ఆవిరి 145 గ్రాములు, ఓ చిన్న గ్లాసుడు. స్నానం తర్వాత నేల మీద మిల్లీమీటరులో అయిదో వంతు మందాన నీటి పొర మిగిలినా అది అర లీటరు. బయటినుంచి వచ్చే గాలిలో 60 శాతం తేమ ఉంటే, ఆ అర లీటరు ఆరడానికి గది గాలి కనీసం తొమ్మిది సార్లు మారాలి. శ్రావణ భాద్రపదాల్లో 80 శాతం దాటినప్పుడు దానికి రెట్టింపు. కాబట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను స్నానమయ్యాక కనీసం అరగంట తిరగాలి, తలుపు కింద అంగుళం సందు ఉండాలి. గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే ఫ్యాను తిరుగుతుందే గానీ బయటికి పంపేదేమీ ఉండదు. చిన్న కిటికీని అద్దంతో మూయించి ఫ్యాను పెట్టించిన ఇళ్లలో మూలల్లో నల్లటి బూజు పట్టడానికి చాలాసార్లు కారణం ఇదే.

సిమెంటు పంచాంగం

ఇదంతా ఎన్నాళ్లు? నెల రోజులకు తక్కువ కాదు. మేస్త్రీలు పది రోజులంటారు, పది రోజుల్లో అయిపోతుంది కూడా, తర్వాత ఏం జరుగుతుందన్నది వేరే సంగతి. సిమెంటు గట్టిపడటం ఆరడం కాదు. నీటితో కలిసి జరిగే రసాయన చర్య అది. 28 రోజులకు వచ్చే బలంలో సుమారు మూడింట రెండు వంతులు మొదటి వారంలో వస్తుంది, అదీ తడి ఆరకుండా ఉంచితేనే. మరోవైపు పూతలకి, రంగులకి పొడిదనం కావాలి. తడి తీరని కొత్త గోడలో క్షారం ఎక్కువ. నూనె రంగు వేస్తే దాన్ని సబ్బుగా మార్చి జిగటగా రాల్చేస్తుంది. శ్రావణంలో గృహప్రవేశం ముహూర్తం పెట్టుకుని ఆషాఢంలో పని మొదలెట్టేవాళ్లు ఈ రెంటి మధ్యా ఇరుక్కుంటారు. వాన చినుకులు సిమెంటుకి మేలే చేస్తాయి, కానీ వాటర్‌ప్రూఫింగ్ పూత మాత్రం ఎంతకీ ఆరదు. ముహూర్తం మార్చలేకపోతే పాలు పొంగించి, భోజనాలు పెట్టి, ఇంకో రెండు మూడు వారాలు పాత ఇంట్లోనే ఉండొచ్చు. శాస్త్రానికీ మేస్త్రీకీ ఇద్దరికీ అభ్యంతరం ఉండదు.

పగలగొట్టే రోజుల్లో పిల్లల్ని, ఆయాసం ఉన్నవాళ్లని అటు రానివ్వకూడదు. టైలుని పొడిగా కోస్తే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి చేరితే తిరిగి రాదు. నీళ్లు పోస్తూ కోయమని, కోసే కుర్రాడికి మాస్కు ఇచ్చి పెట్టుకోమని పట్టుబట్టడం ఇంటివాళ్ల పనే. పాత బాత్రూము తలుపుల మీది ఎనామిల్ రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్ల రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. దాటకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. ఆ తలుపుని పొడిగా గీకించకుండా తడిపి గీకించాలి, లేదా మార్చేయాలి. డక్ట్‌లో బూడిద రంగు సిమెంటు పైపులుంటే అవి ఆస్బెస్టాస్‌వి కావచ్చు, వాటి మీద కట్టరు పెట్టనివ్వకండి.

పైపులు, తీగలు వేసి, ఒత్తిడి పరీక్ష అయ్యాక, గోడలు మూసే ముందు ప్రతి గోడకీ ఫోటో తీసి పెట్టుకోండి. టేపు నేల మీద ఆనించి, మూల నుంచి ఎన్ని అంగుళాలో అంకెలు కనబడేలా తీయాలి. లేకపోతే తువ్వాలు కమ్మీ బిగించడానికి వచ్చిన కుర్రాడు, పైపు ఎక్కడుందో తెలియక, సరిగ్గా గీజరు పైపు మీదే డ్రిల్లు పెడతాడు.